కాళ్ళ నిషిద్ధాక్షరి

సంత్రాగాఛి స్టేషన్లో నింపాదిగా నడిచే మనిషి దొరకడం కష్టం. హౌరా వైపు వెళ్ళే లోకల్ ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకు చెప్పీ చెప్పకముందే పైవంతెన మీద జనం కదిలిపోతారు. చంకలో పిల్ల ఉన్నా, నెత్తిన మూట ఉన్నా, చేతిలో క్యారియరున్నా పరుగే. 2018 అక్టోబరు 23 సాయంత్రం కొన్ని రైళ్ళు ఒకేసారి వస్తే, ఆ వంతెన మీద తొక్కిసలాట జరిగి ఇద్దరు చనిపోయారు. అయినా ఈ ఊరికి పరుగు తప్పదు. లోకల్ తప్పితే ఆఫీసులో సంతకం తప్పుతుంది, సంతకం తప్పితే సెలవు తెగుతుంది.

ఇలాంటి ఊళ్ళో కాపురముంటూ, ఎంత వేగంగా వెళ్ళినా పరుగెత్తకూడదన్న షరతు మీద నడిచే ఆటని నేను పట్టుకున్నాను. దాన్ని రేస్ వాకింగ్ అంటారు. మన పత్రికలు నడక పందెం అని రాస్తాయి. చలికాలంలో కోల్‌కతాలోనో, భువనేశ్వర్‌లోనో, వీలైతే విశాఖలోనో హాఫ్ మారథాన్ జరిగితే పేరు ఇచ్చి, పరుగెత్తేవాళ్ళ మధ్య 21 కిలోమీటర్ల 97 మీటర్లూ నడిచి వస్తాను. పతకం అందరికీ ఇచ్చేదే నాకూ ఇస్తారు. ఈ సరదా ఎందుకని చాలామంది అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఒక్కో జవాబు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను కానీ, అసలు జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ముందు ఆట సంగతి. దీనికి ఉన్నవి రెండే నిబంధనలు. మొదటిది, ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉండాలి. వెనక పాదం లేచేలోగా ముందు మడమ నేలను తాకాలి. రెండోది, ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి ఒళ్ళు దాని మీదికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. అంతే. చేతులు ఎలా ఊపినా, నడుము ఎంత తిప్పినా, ఎంత వికారంగా కనిపించినా అడిగేవాడు లేడు.

ఈ రెండు నిబంధనలూ పైకి కనిపించేంత అమాయకమైనవి కావు. మనిషి ఒంటికి ఒక ఏర్పాటుంది. గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగం దగ్గర కాళ్ళు వాటంతట అవే నడక మానేసి పరుగులోకి మారిపోతాయి. మామూలు నడకలో ఒళ్ళు నిలువుగా ఉన్న కాలి మీదుగా విల్లులా వంపు తిరిగి అటు దిగుతుంది. వేగం పెరిగే కొద్దీ ఆ వంపులో ఒంటిని కిందికి పట్టి ఉంచడానికి భూమ్యాకర్షణ చాలదు, ఒళ్ళు గాల్లోకి లేవాలని చూస్తుంది. ఆ వేగం దగ్గర పరుగే సులువు, ఖర్చు తక్కువ. ఒంటికి లెక్కలు బాగా తెలుసు కనుక అటే పోతుంది. నడక పందెం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఒళ్ళు పరుగెత్తుతానంటుంది, నిబంధన వీల్లేదంటుంది. ఇక మూడో దారి వెతకాలి. కటి ఎముకని ముందుకీ వెనక్కీ తిప్పుతూ అడుగు పొడవు పెంచుకోవాలి. పాదాలు రెండూ ఒకే గీత మీద పడేట్టు చూసుకోవాలి. తల పైకీ కిందికీ ఎగరకుండా ఒంటిని బల్లపరుపుగా తీసుకుపోవాలి. చూసేవాళ్ళకు నవ్వు తెప్పించే ఆ నడుము ఊపంతా ఈ వెతుకులాటే.

తెలుగువాడికి ఇలాంటిది కొత్త కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి ఉంది. అవధాని ఒక అక్షరం వేస్తాడు. తర్వాత ఏ అక్షరం వచ్చే వీలుందో పృచ్ఛకుడు పసిగట్టి దాన్ని వద్దంటాడు. వచ్చే మాట పోయింది, వచ్చే భావం పోయింది. అవధాని పక్కకు జరిగి ఎవరూ ఊహించని అక్షరం వేస్తాడు. పృచ్ఛకుడు దాని తర్వాతిదాన్ని పసిగట్టి మళ్ళీ వద్దంటాడు. చివరికి పద్యం పూర్తవుతుంది. ఆ పద్యాన్ని తీరుబడిగా కూర్చుని రాసుకున్నదాని పక్కన పెడితే గొప్పగా ఉండకపోవచ్చు. సభ చప్పట్లు కొట్టేది పద్యానికి కాదు, వద్దన్న దారులన్నీ వదిలేసి ఛందస్సు తప్పకుండా గమ్యం చేరినందుకు. నడక పందెమూ ఇంతే. 21 కిలోమీటర్లు చేరడానికి బస్సుంది, పరుగుంది. అవి రెండూ వద్దన్నాకే దీనికి రుచి.

ఇది మా పిన్నికి చెప్పి చూడండి. పలాస నుంచి వచ్చి మా ఇంట్లో నెల్లాళ్ళున్నప్పుడు, తెల్లవారుజామున మేడ మీంచి నా నడక చూసింది. నేను తిరిగొచ్చేసరికి గుమ్మంలో వాము నీళ్ళతో నిలబడి ఉంది. "ఏటి నాయనా, కడుపులో తిప్పుతోందేటి? ఆ తొందరేటి, ఆ నడుం తిప్పడమేటి?" అంది. కాదు పిన్నీ, ఇదొక ఆట అంటే నమ్మలేదు. వాము నీళ్ళు తాగించే వదిలింది.

బెంగాలీలు పిన్నికి తీసిపోరు. డిసెంబరు చలికి మంకీ క్యాప్ బిగించుకుని, మట్టి కప్పులో టీ పట్టుకుని కూర్చున్న పెద్దాయన నన్ను చూడగానే "దాదా, ఎతో తాడా కిషేర్?" అంటాడు. అంత తొందరేం వచ్చిందని. అంటూనే పక్కవాడి వైపు చూసి నవ్వుతాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, నా నడుముకు లేని బాధ ఆయనకు. ఆ సామెత వాడదగ్గ ఊరు కూడా ఇదే. సంత్రాగాఛి కంద బెంగాల్లో పేరున్న సరుకు. ఇక్కడ ఓల్ అంటారు. గొంతు దురద విషయంలోనూ దానికి పేరుంది, చింతపండు దట్టంగా పడాలి. దురద లేని గజేంద్ర రకం మన గోదావరి ఒడ్డున కొవ్వూరు పరిశోధనా స్థానంలో తయారైంది. ఈ మాట ఇక్కడి కూరగాయల బజారులో అంటే మాత్రం బేరం చెడుతుంది.

నవ్వులకు కొంత న్యాయం లేకపోలేదు. నడక పందెం ఒలింపిక్స్‌లో ఒక శతాబ్దం దాటి ఉంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 3,500 మీటర్లు, 10 మైళ్ళు నడిపించారు. 1956లో 20 కిలోమీటర్ల పోటీ వచ్చింది. 50 కిలోమీటర్లది 1932లో మొదలై టోక్యో ఒలింపిక్స్‌తో ముగిసింది. ఆడవాళ్ళకు 1992 వరకూ అవకాశమే ఇవ్వలేదు. ఇంత చరిత్ర ఉన్నా జనానికి దీని మీద గౌరవం కలగకపోవడానికి కారణం, అందరికీ వచ్చిన పనే కదా అన్న భావం. పోల్‌వాల్ట్ ఎవరికీ రాదు కనుక చూస్తారు. నడక అందరికీ వచ్చనుకుంటారు.

వచ్చా? జపాన్‌కు చెందిన తొషికాజు యమానిషి 2025 ఫిబ్రవరిలో కోబె నగరంలో 20 కిలోమీటర్లు 1 గంట 16 నిమిషాల 10 సెకన్లలో నడిచాడు. కిలోమీటరుకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. మా కాలనీ కుర్రాళ్ళలో ఖరీదైన బూట్లు వేసుకుని పొద్దున్నే పరుగెత్తేవాళ్ళున్నారు. ఆ వేగంతో పరుగెత్తమంటే కిలోమీటరు దాటేసరికి నడుం మీద చేతులు పెట్టుకుంటారు. ఆయన ఇరవై నడిచాడు.

మన లెక్క వేరు. మామూలుగా గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషి హాఫ్ మారథాన్ దాటడానికి 4 గంటల 13 నిమిషాలు పడుతుంది. ఈలోగా నిర్వాహకులు తోరణాలు విప్పేసి, అరటి తొక్కలు ఊడ్పించేస్తారు. చాలాచోట్ల మూడు, మూడున్నర గంటలకు కటాఫ్ పెడతారు. కాబట్టి సరదాగా నడిచేవాడు కూడా కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల దగ్గర నిలదొక్కుకోవాలి. అలా నడిస్తే 2 గంటల 49 నిమిషాలు. ఆ వేగం ఒళ్ళు పరుగులోకి మారాలనుకునే హద్దును కాస్త దాటి ఉంటుంది. అంటే రెండు గంటల నలభై తొమ్మిది నిమిషాలూ కాళ్ళు ఒక కోరిక కోరుతూనే ఉంటాయి, మనం తీర్చకుండా ఉంటాం. మోకాలి కింద ముందు ఎముక పక్కనున్న కండ మొదటి నెలల్లో నిప్పుల మీద పెట్టినట్టు మండుతుంది. కాలివేళ్ళు పైకెత్తి మడమ దించేది ఆ కండే. అంతవరకు ఉందని కూడా తెలియని కండ అది.

నాకీ విద్య పట్టించింది మా పక్క క్వార్టర్స్‌లో ఉండి రిటైరైన లోకో పైలట్ బాబాయి. సొంత బాబాయి కాదు. ఖరగ్‌పూర్, సంత్రాగాఛి రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళకు వరసలు ఊరి నుంచి రావు, క్వార్టర్ల నుంచి వస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఇటు వచ్చి పడ్డాయి. ఆ రైల్వే పోయి ఆగ్నేయ రైల్వే వచ్చింది. అత్తయ్యలూ బాబాయిలూ అలాగే ఉన్నారు.

బాబాయి మోకాళ్ళు అరిగి నడక పందెం మానేశాడు. చూపు మాత్రం పోలేదు. ఇంజిన్లో లోకో పైలట్, సహాయకుడు ఎదురొచ్చే ప్రతి సిగ్నల్నీ పైకి అరిచి ఒకరికొకరు చెప్పుకోవాలని నియమం. ఒకడు చూసింది రెండోవాడు కూడా చూశాడని రుజువు కావాలి. ఆ అలవాటు ఆయనకు వదల్లేదు. సైకిలు మీద నా వెనకే వస్తూ, కాలు వంగగానే "మోకాలు!" అని అరుస్తాడు. నేను "మోకాలు" అని తిరిగి అరవాలి. అరవకపోతే "ఏరా, వినబడలేదా?" అని పక్కకొచ్చి సైకిలు బెల్లు కొడతాడు. పాదం లేచిపోతే "గాలి!" అంటాడు. నేనూ "గాలి" అంటాను. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకుంటారో అడగలేదు.

మా దారి చెరువు దగ్గర మొదలవుతుంది. సంత్రాగాఛి ఝీల్ రైల్వే వాళ్ళ చెరువు, స్టేషనుకు ఆనుకుని ఉంటుంది. చలికాలం ఈల వేసే బాతులు వేల సంఖ్యలో దిగుతాయి. వాటితో హిమాలయాల అవతలి నుంచి సూదితోక బాతుల్లాంటివి కొన్ని వస్తాయి. చెరువులోని గుర్రపుడెక్కని పూర్తిగా తీసేస్తే పక్షులకు నిలవడానికి చోటుండదు, పూర్తిగా వదిలేస్తే నీళ్ళుండవు. అందుకని ఏటా శీతాకాలం ముందు కొంత తీసి కొంత దిబ్బల్లా వదలాలి. ఆ పని వేళకు జరిగిన ఏడు పక్షులు బాగా వస్తాయి. జరగని ఏడు అలిగినట్టు వేరే చోటికి పోతాయి. కోనా ఎక్స్‌ప్రెస్‌వే లారీల హారన్లు అంత దగ్గరలో మోగుతుంటే అవి ఇంకా వస్తున్నాయంటేనే ఆశ్చర్యం.

అక్కణ్ణుంచి రామరాజాతల వైపు. పేరులోనే రాముడున్న స్టేషను. శ్రీరామనవమికి మొదలుపెట్టి శ్రావణం దాకా రాముణ్ణి కొలువుంచుతారక్కడ. బెంగాల్లో దుర్గమ్మకు కూడా ఐదు రోజులే. ఆదివారాలు పొడుగు నడక ఉంటే శివ్‌పూర్ బొటానికల్ గార్డెన్ దాకా పోతాం. 1787లో పెట్టిన తోట అది. దాని పెత్తనానికి 1793లో వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచుతూ, కోరమాండల్ తీరపు మొక్కల మీద బొమ్మలు గీయిస్తూ గడిపినవాడు. సర్కారు జిల్లాల నుంచి హౌరాకి బదిలీ మీద వచ్చిన మొదటి ఉద్యోగుల్లో ఆయన్ని కూడా లెక్కేసుకోవచ్చని బాబాయి అంటాడు. ఆ తోటలోని మహా మర్రికి 1925లోనే అసలు మాను తీసేశారు, తెగులు పట్టిందని. ఊడలు దించుకుంటూ అది ఇప్పటికీ పక్కలకు విస్తరిస్తోంది. చుట్టూ వేసిన రోడ్డు కూడా దాటిపోయింది. బాబాయి దాని వైపు చెయ్యి చూపించి "చూడరా, ఒక్క ఊడైనా గాల్లో ఉండగా బరువు మోపదు" అంటాడు.

వేసవిలో ఈ నడక గురించి రాయడం అనవసరం, అయినా ఒక సంగతి చెప్పాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఎండ దెబ్బకు కూలబడ్డ డాన్ థాంప్సన్ అనే ఆంగ్లేయుడు తర్వాతి రోమ్ ఒలింపిక్స్ కోసం ఇంట్లో బాత్‌రూమ్ తలుపులు మూసి, హీటర్లు పెట్టి, కెటిళ్ళలో నీళ్ళు మరగబెట్టి, ఆ ఆవిరిలో సాధన చేశాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తా ఆయన. 1960లో 50 కిలోమీటర్ల స్వర్ణం గెలిచాడు. ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు బాబాయి నవ్వి, "ఆ బాత్‌రూమ్‌లోనే కదరా మనం కాపురముంటున్నాం" అన్నాడు. మే, జూన్‌లలో హౌరా గాలి అలాగే ఉంటుంది. సూర్యుడు ఐదింటికి ముందే వచ్చి కూర్చుంటాడు. నాలుగున్నరకు బయలుదేరినా చొక్కా పిండుకుంటూ రావాలి.

పోటీ రోజు వేరే లోకం. పరుగెత్తేవాళ్ళు వేల మంది. నడిచేవాళ్ళం అక్కడక్కడా ఒకరు, ఇద్దరు. ఎడమ పక్కకు ఒదిగి నడుస్తాం. తొలి ఐదు కిలోమీటర్లు అందరూ దాటిపోతుంటారు. "కమాన్ అంకుల్, పరుగెత్తండి, అయిపోవచ్చింది" అని ఉత్సాహపరుస్తారు. మంచి మనసుతోనే అంటారు. పద్నాలుగో కిలోమీటరు తర్వాత లెక్క తిరగబడుతుంది. మొదట్లో దూసుకుపోయినవాళ్ళు పిక్కలు పట్టేసి ఈడుస్తూ కనిపిస్తారు. వాళ్ళని దాటుతున్నప్పుడు కలిగే ఆనందం గొప్పదేమీ కాదు, కానీ ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు, మూడు రెట్ల బలం నేల నుంచి తిరిగి కొడుతుంది. నడకలో ఒంటి బరువు మీద మరికొంతే. ఆ తేడా చివరి కిలోమీటర్లలో తెలుస్తుంది.

ఇక్కడే నన్ను ఎప్పుడూ గుచ్చే ప్రశ్న ఒకటుంది. ఆ వేల మందిలో నేను పరుగెత్తితే ఎవడు పట్టుకుంటాడు? అసలు పట్టుకోవాల్సిన అవసరం ఎవడికుంది? అది పరుగు పందెమే. పరుగెత్తడం అక్కడ తప్పు కాదు, నడవడమే వింత. నేను పాటించే నిబంధన నా జేబులో తెచ్చుకున్నది. అలాంటి నిబంధనకు నాణ్యం ఎంత?

పెద్ద పోటీల్లో ఈ ప్రశ్నకు జవాబుగా జడ్జిలుంటారు. దారి పొడుగునా నిలబడి కాళ్ళ వైపే చూస్తుంటారు. అనుమానం వస్తే పసుపు పలక చూపిస్తారు. ఒక వైపు అల గీత, అంటే పాదం లేస్తోందని. రెండో వైపు వంగిన కోణం, అంటే మోకాలని. తప్పు ఖాయమైతే ఎర్ర కార్డు ప్రధాన జడ్జికి వెళుతుంది. ముగ్గురు వేర్వేరు జడ్జిల నుంచి మూడు వస్తే ఆట ముగిసినట్టే. ఇప్పుడు కొన్ని పోటీల్లో మూడో కార్డుకు కొన్ని నిమిషాలు పక్కన నిలబెట్టి, నాలుగోదానికి పంపిస్తున్నారు. దీనికి బలైనవాళ్ళ కథలు వింటే గుండె జారుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో సొంత గడ్డ మీద నడుస్తున్న జేన్ సావిల్ అందరికన్నా ముందుండి, లోపల లక్షమంది ఎదురుచూస్తున్న స్టేడియం గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆపేశారు. అదే ఒలింపిక్స్‌లో మెక్సికో నడకగాడు బెర్నార్డో సెగూరా మొదట గీత దాటి, తమ దేశాధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడుతుండగా జడ్జి వచ్చి ఎర్ర కార్డు చూపించాడు. బంగారం పోలండ్ వాడు కోర్జెనియోవ్‌స్కీకి పోయింది. ఆయన కూడా అమాయకుడేం కాదు. 1992 బార్సిలోనాలో రెండో స్థానంలో స్టేడియంలోకి అడుగుపెడుతూ ఇదే శిక్ష తిన్నవాడు. సావిల్ నాలుగేళ్ళ తర్వాత ఏథెన్స్‌లో కంచు పతకం తీసుకుంది. వీళ్ళిద్దరూ ఆట మానెయ్యలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, ఈ ఆట మీద నాకు మోజు పుట్టడానికి అది కూడా కారణం. నిబంధన పుస్తకంలో పాదం నేలను వదలకూడదని మాత్రమే లేదు. మనిషి కంటికి కనిపించేట్టు వదలకూడదని ఉంది. నెమ్మదిగా తిప్పే కెమెరాలో చూస్తే ప్రపంచ స్థాయి నడకగాళ్ళ రెండు పాదాలూ రెప్పపాటు కన్నా తక్కువ సేపు గాల్లోనే ఉంటాయి. జడ్జి కంటికి అందదు కనుక తప్పు కాదు. జడ్జికి కెమెరా వాడే హక్కు లేదు, కళ్ళే దిక్కు. బూటులో సెన్సర్లు పెట్టి తేల్చేద్దామని ప్రయత్నాలు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి. అవి వస్తే ఆట శుద్ధి అవుతుందని కొందరి నమ్మకం. నాకు మాత్రం ఆ కన్నే ఇష్టం. యంత్రం అక్షరాలు లెక్కపెట్టగలదు గానీ పృచ్ఛకత్వం చెయ్యలేదు. ఒక మనిషి తన చూపు మీద, మర్యాద మీద నిలబడి ఇంకో మనిషికి వద్దని చెప్పడంలో ఒక బరువుంది. లోకంలో మనం పాటించే మర్యాదలు చాలావాటికి కొలత కూడా అదే. ఎవరో ఒకరు చూస్తున్నారు, వాళ్ళకు కనబడేంత తప్పు చెయ్యం.

అందుకే నా ప్రశ్నకు నేను ఇచ్చుకున్న జవాబు మారింది. మొదట్లో నన్ను నేనే చూసుకుంటున్నాను కదా, అది చాలదా అనుకునేవాణ్ణి. చాలదు. అవధాని తనకు తాను అక్షరాలు నిషేధించుకుంటే అది అవధానం కాదు, కూర్చుని పద్యం రాసుకోవడమే. తాను వదులుకోలేని అక్షరాన్ని మనిషి తనకు తాను ఎప్పుడూ నిషేధించుకోడు. పద్దెనిమిదో కిలోమీటరులో మోకాలు వంగిందా లేదా అన్న సంగతి నడిచేవాడికి తెలియదు, తెలియనట్టు ఉండటమే హాయి. సైకిలు మీద వెనకాల బాబాయి ఉంటేనే అది నడక పందెం. లేకపోతే ఉత్త మార్నింగ్ వాక్.

ఈ ఆటలో మనవాళ్ళు తక్కువ తినలేదు. 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హాకం సింగ్, 1982 ఢిల్లీలో చాంద్ రామ్ 20 కిలోమీటర్ల నడకలో బంగారాలు తెచ్చారు. 2012 లండన్‌లో మలప్పురం కుర్రాడు కె.టి. ఇర్ఫాన్ పదో స్థానంలో వచ్చాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ప్రియాంకా గోస్వామికి వెండి వచ్చింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మంజు రాణితో కలిసి కంచు గెలిచిన రామ్ బాబు, లాక్‌డౌన్ కాలంలో ఉపాధి హామీ పనికి వెళ్ళి మట్టి తవ్వినవాడు. ఇంత జాబితాలో తెలుగు పేరు ఒక్కటి వినబడకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

నడవడం మనకు రాకనా? ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ చూసినవాడెవడూ ఆ మాట అనడు. 32 కిలోమీటర్లు, లక్షల మంది, ఎక్కువమంది చెప్పుల్లేకుండా, రాత్రంతా. హాఫ్ మారథాన్ దానికి మూడింట రెండు వంతులు. మనకు నడకంటే మొక్కు, లేకపోతే పాదయాత్ర. రాజకీయ నాయకుల పాదయాత్రలు కొన్ని, 2003లోదీ 2019లో ముగిసినదీ లాంటివి, ఇచ్ఛాపురం చేరి ఆగాయి. ఆ తర్వాత రైలెక్కి పడుకుంటే సంత్రాగాఛి. నడకని ఆటగా తీసుకోవడమే మనకింకా రాలేదు. మొక్కుకీ ఆటకీ పొత్తు కుదరదని కూడా కాదు. 1996 అట్లాంటాలో 20 కిలోమీటర్లు నడిచి ఈక్వడార్‌కు మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారం, తెచ్చిన జెఫర్సన్ పెరెజ్ ఇంటికెళ్ళి ఏం చేశాడో తెలుసా? రాజధాని కీటో నుంచి సొంత ఊరు క్వెంకాకి 459 కిలోమీటర్లు కాలినడకన పోయి మొక్కు తీర్చుకున్నాడు. మా పిన్నికి ఈ ఒక్క కథా నచ్చింది.

ఇప్పుడీ మాటలన్నీ ఎత్తడానికి ఒక సందర్భం ఉంది. 2026 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య నడక పందేల దూరాలు మార్చింది. 20, 35 కిలోమీటర్లు పోయి హాఫ్ మారథాన్, మారథాన్ వచ్చాయి. ఇన్నాళ్ళూ మాలాంటివాళ్ళు పరుగువాళ్ళ దూరాన్ని అరువు తెచ్చుకుని నడిచారు. ఇప్పుడదే నడకవాళ్ళ అసలు దూరం. ఆగస్టులో హైదరాబాద్‌లోనూ, చలికాలంలో విశాఖ బీచ్ రోడ్డులోనూ ఎటూ కొలిచి, గీతలు గీసి, ట్రాఫిక్ ఆపి, నీళ్ళ బల్లలు పెట్టి 21 కిలోమీటర్ల దారి సిద్ధం చేస్తున్నారు. ఆ దారి మీదే, ఆ ఉదయమే, నడిచేవాళ్ళకొక విడి వర్గం పెట్టండని ఆ నిర్వాహకులకు నా మనవి. అదనంగా కావలసింది నలుగురైదుగురు శిక్షణ పొందిన జడ్జిలు, తలా ఒక పసుపు పలక. బహుమతి డబ్బులు లేకపోయినా ఫర్వాలేదు. మమ్మల్ని చూసి తప్పు పట్టేవాళ్ళు ఉంటే చాలు, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సొంత ఖర్చుతో వస్తాం.